ఎడంచేతి పురి

సిస్టరు యేసమ్మ నల్లటి స్పాంజిని పుండు కొలతకు కత్తిరిస్తుంటే పెంచలమ్మ రెప్ప వేయకుండా చూస్తుంది. ఆ కత్తెర ఎక్కడా తొందరపడదు. అంచు వెంబడి కాస్త కోసి, పుండులో పెట్టి చూసి, బయటికి తీసి, మళ్లీ కాస్త కోస్తుంది. స్పాంజి పెద్దదైతే పక్కనున్న మంచి చర్మం నానిపోతుందట, చిన్నదైతే ఏదో ఒక మూల ఖాళీ మిగిలిపోతుందట. గొర్రెల ఇంట పుట్టి గొర్రెల ఇంటికే కోడలుగా పోయిన పెంచలమ్మకు, కత్తెర పట్టిన చెయ్యి ఎలాంటిదో చూడగానే తెలుస్తుంది. జమ్మలమడుగు చర్చి పక్క వీధిలో పుట్టిన ఈ పిల్లది మంచి చెయ్యి అని మొదటి రోజే తేల్చేసుకుంది.

యేసమ్మ స్పాంజి మీద పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి, దానికి చిన్న చిల్లు పెట్టి, గొట్టం తగిలించి మెషీను మీట నొక్కింది. గుర్రుమని సన్నటి శబ్దం లేచింది. ఉబ్బెత్తుగా ఉన్న స్పాంజి ముడుచుకుపోయి గట్టిపడింది. పుండులోని చెడునీరు గొట్టం వెంట మెల్లగా పాకి, మెషీనుకు తగిలించిన డబ్బాలోకి దిగసాగింది.

"అయిపోయింది పెదనాయనా, ఇంక ఈ పక్కకు తిరగొచ్చు," అంది యేసమ్మ.

పెంచలమ్మ మొగుడు ఓబులయ్య తిరగలేదు. కట్టు మార్చినంతసేపూ గోడ వైపే మొహం పెట్టుకుని పడుకుంటాడు. మోకాలి కింద ఇన్నేళ్లుగా మోస్తున్న పుండును కళ్లారా చూసిన పాపాన పోలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ పొడి చల్లి గుడ్డ చుట్టినప్పుడూ అంతే, ఇప్పుడు ఈ ప్రొద్దుటూరు ఆసుపత్రిలోనూ అంతే. తోడేలును కట్టెతో తరిమిన మనిషి తన కాలుకు తానే భయపడడమేమిటని పెంచలమ్మకు ఒక్కోసారి నవ్వొచ్చేది.

డాక్టరు శ్యామలమ్మ వచ్చి ప్లాస్టిక్ పొర మీదుగా వేలితో ఒక చోట చూపించింది.

"మిగతా అంతా ఎర్రగా పూడుకొస్తోంది. ఈ కింది మూల మాత్రం మొండికేసింది. లోపలికి సన్నటి దారి ఏదో ఉన్నట్టుంది. వచ్చే కట్టుకు మత్తిచ్చి లోపల వెతుకుతాను."

"ఎక్సురేలో ఏం లేదన్యారు గదమ్మా," అంది పెంచలమ్మ.

"ఇనుప ముక్క ఉంటే కనపడేది. కనపడనివీ ఉంటాయి. లోపల పరాయి వస్తువు పెట్టుకుని పైన ఎంత మంచి కట్టు కట్టినా మానదు."

ఓబులయ్య గోడ వైపు ఇంకాస్త జరిగాడు.

అది బాంబు పుండు. జమ్మలమడుగు దగ్గరి వాళ్ల ఊళ్లో, ఎన్నికల ముందు రోజు సాయంత్రం వీళ్ల దొడ్డి దగ్గర పేలిన నాటుబాంబు. వేసింది కాటమయ్య అని ఊళ్లో సగం చెప్పింది, పోలీసులు రాసుకున్నారు, కోర్టులో ఓబులయ్యే వేలెత్తి చూపించాడు. కాటమయ్య పరాయివాడైతే సంగతి అక్కడితో తెగేది. అతను పెంచలమ్మ చెల్లెలు చిన్నసుబ్బమ్మ మొగుడు. అక్కాచెల్లెళ్లను చెరో పార్టీ ఇంటికి ఇచ్చినందుకు వచ్చిన తంటా ఇది. ఇచ్చినప్పుడు మాత్రం అవి పార్టీల ఇళ్లు కావు, ఉత్త గొర్రెల ఇళ్లే. కాటమయ్య జైలుకు పోయాడు. చిన్నసుబ్బమ్మ మంద అమ్ముకుని పులివెందుల చేరింది. అప్పీలు వేసుకుని, ఏళ్ల తర్వాత బెయిలు మీద కాటమయ్య బయటికొచ్చాడని పెంచలమ్మ చెవిన పడింది. అప్పీలు ఇంకా తేలలేదు. ఓడిపోతే మళ్లీ జైలే.

తాగే నీళ్లు ఆసుపత్రిలోనే వస్తాయి. అయినా పెంచలమ్మ సీసా పట్టుకుని బస్టాండుకు పోతుంది. పులివెందుల బస్సు నిలిచే చోట నిలబడి, దిగే ఆడవాళ్లను ఒక్కొక్కరినే చూస్తుంది. చెల్లెలు కనిపిస్తే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది మరి. మొగుని కాలు చితగ్గొట్టినవాని పెండ్లాంతో మాటలేమిటని తనకు తానే పెట్టుకున్న ఒట్టు. తల్లి చచ్చిపోయిన రోజు చిన్నసుబ్బమ్మ బస్సు దిగి వీధి మొదట్లో నిలబడింది. ఓబులయ్య పార్టీ వాళ్లు కర్రలు పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. శవం తల కాడ కూర్చున్న పెంచలమ్మ ఒక్క మాట అంటే వాళ్లు దారి ఇచ్చేవాళ్లే. అనలేదు, లేవలేదు. చెల్లెలు దూరంగానే ఏడ్చి, దూరం నుంచే తిరిగి పోయింది. ఆ రోజు లేవని మనిషి ఇప్పుడు రోజూ లేచి బస్టాండుకు పోతోంది.

ఇంకో సంగతి కూడా ఉంది, అది ఎవరికీ చెప్పుకోలేనిది. కాటమయ్య బాంబు వేసి ఉండడని మనసులో ఒక మూల ఆమెకు ఆశ. పొట్టేలు కొమ్ము తగిలి గొర్రెపిల్ల కుంటితే, పూటంతా ఒళ్లో పెట్టుకుని కూర్చునే మనిషి అతను. సాయంత్రం మసక వెలుతురులో ఎవరినో చూసి అతననుకున్నాడేమో మొగుడు! ఆ అనుమానం ఏనాటికైనా నిజమైతే పులివెందుల బస్సు ఎక్కవచ్చు. ఈ ఒక్క ఆశను ఆమె ఇన్నేళ్లుగా ఎవరి కంటా పడకుండా సాకుతోంది.

మరుసటి రోజు బాలన్న వచ్చాడు. ఊళ్లో పెద్దాయన అని అందరూ పిలిచే నాయకుడికి కుడిభుజం, ఓబులయ్యకు దూరపు చుట్టం. ఇస్త్రీ చొక్కా, చేతిలో బత్తాయిల సంచి.

"ఏమప్పా ఓబులయ్యా, మానతాందా?"

"మానతాదంట."

"మరీ తొందరపడి మాననీకు," అని తన మాటకు తానే నవ్వాడు బాలన్న. "వచ్చే వారం పులివెందులలో మన పార్టీ మీటింగు. నిన్ను స్టేజీ మీద కూచోబెట్టాల అన్యాడు పెద్దాయన. ఆ మిషను గూడా తగిలించుకొనే రా. గొట్టం, డబ్బా, అన్నీ జనానికి కనపడాల. ఎదుటి పార్టీ ఏం చేసిందో నోటితో చెప్పే పనే ఉండదు."

ఇంతకు ముందు రెండు ఎన్నికలకూ ఓబులయ్య కట్టు కట్టిన కాలు స్టేజీ ఎక్కింది. ఈసారి కాలుతో పాటు మెషీను కూడా ప్రచారానికి రావాలన్నమాట. పెంచలమ్మకు ఒళ్లు మండింది.

"ఆ గొట్టం కాడ యేమాత్రం గాలి జొరబడినా పని చెడతాదంట అన్నా. జీపుల్లో తిప్పేదానికి కాదు అది."

"ఒక్క పూటకేం కాదులే చెల్లీ. అప్పీలు గూడా పైకొస్తాంది. కాటమయ్య మళ్లా లోపలికి పోయేదాకా మనం సల్లబడగూడదు."

బాలన్న పోయాక బత్తాయిల సంచి మంచం కింద అలాగే ఉండిపోయింది. ఓబులయ్య వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

కట్టు మార్చే రోజు వచ్చింది. యేసమ్మ మెషీను ఆపి, పొర ఊడదీసి, స్పాంజిని సెలైను నీళ్లతో తడిపి మెల్లగా తీసింది. శ్యామలమ్మ పుండు చుట్టూ మత్తు సూదులు వేసింది. మోకాలు కదలకుండా పట్టుకోమని పెంచలమ్మకు చెప్పారు. ఆమె రెండు చేతులా పట్టుకుంది. గొర్రెలకు ముల్లు తీసేటప్పుడు కాలు పట్టడం ఆమెకు కొత్త కాదు. ఓబులయ్య మొహం గోడకే ఉంది.

డాక్టరమ్మ సన్నటి పట్టుకారును కింది మూల నుంచి లోపలికి పోనిచ్చి, కాసేపు తడుముతూ ఆగింది. తర్వాత దేన్నో పట్టి, తిప్పి, ఓపికగా లాగింది. వేలెడు పొడవున నల్లటిది ఒకటి బయటికి వచ్చింది. దాని వెంట చీము, చెడు రక్తం. యేసమ్మ దాన్ని స్టీలు ట్రేలో వేసి నీళ్లు పోసింది.

"తాడు ముక్క మేడం."

"బాంబుకు చుట్టింది అయ్యుంటుంది," అంది శ్యామలమ్మ. "ఉన్ని తాడు కాబట్టే ఎక్సురేలో కనపడలేదు. ఇన్నేళ్లూ మాననివ్వనిది ఇదే. ఇక మానుతుందమ్మా, దిగులు పడొద్దు."

పెంచలమ్మ ట్రేలోకి వంగి చూసింది. రెండు పోగులు కలిపి పేనిన తాడు. చీములో నాని, నలిగి ఉన్నా పురి ఇంకా విడలేదు. ఆ పురి ఏ వైపుకు తిరిగిందో చూడగానే ఆమె పట్టు వదిలేసింది. ఓబులయ్య కాలు జారబోతే యేసమ్మ వచ్చి పట్టుకుంది.

పెంచలమ్మది ఎడంచేతి వాటం. కదురును ఎడంచేత్తో తిప్పుతుంది కాబట్టి ఆమె వడికిన పోగు అందరి పోగులకూ ఎదురు తిరిగి ఉంటుంది. దాన్ని వేరేవాళ్ల పోగుతో కలిపి పేనితే నిలవదు, ఒకటి బిగుస్తుంటే ఇంకొకటి విప్పుకుంటుంది. చిన్నప్పుడు తల్లి విసుక్కుని ఆమె ఉన్నిని పక్కన పడేసేది. అప్పుడు చిన్నసుబ్బమ్మ, పాలపళ్లు ఊడని పిల్ల, అక్కతో కలిపి పేనాలని పట్టుబట్టి ఎడంచేత్తో వడకడం నేర్చుకుంది. పోగు తెగినప్పుడల్లా ఏడ్చేది, ఏడుస్తూనే మళ్లీ అతికేది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎడంపురి వేసేవాళ్లు వాళ్లిద్దరే.

ఇద్దరి ఇళ్లలో బాంబు వచ్చింది కాటమయ్య ఇంటి నుంచే. అంటే ఈ తాడు చెల్లెలిది. తన కోసం ఎడంచేత్తో నేర్చిన పురి తన మొగుని కాల్లో దిగింది. ఇందులో అనుమానపడడానికి ఇక ఏముంది?

"ఆ ముక్క నాకియ్యి తల్లీ," అని అడిగింది.

"ఇదేం చేసుకుంటావమ్మా?" అంటూనే యేసమ్మ దాన్ని కడిగి గాజుగుడ్డలో చుట్టి ఇచ్చింది. ఖాళీ అయిన దారిలో వెండి మందు పూసిన మెత్తటి పట్టీ పెట్టి, పైన కొత్త స్పాంజి కత్తిరించసాగింది. ఈసారి పెంచలమ్మ కత్తెర వైపు చూడలేదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయి వార్డంతా ఉక్కపోసింది. మెషీను మాత్రం బ్యాటరీ మీద గుర్రుమంటూనే ఉంది. పక్క మంచాల వాళ్లు వరండాలోకి పోయారు. పెంచలమ్మ సత్తుగిన్నెలో అన్నం కలిపి మొగుని ముందు పెట్టింది. అతను నాలుగు ముద్దలు తిని చాలన్నాడు. తాడు ముక్కను దాచిన కొంగు ముడి విప్పింది.

"పుండులోంచి ఏమొచ్చిందో చూసినావా మామా?"

"నేను చూడను."

"తాడు. ఎడంపురి తాడు. నా చెల్లెలు పేనింది."

"నీకెప్పుడూ చెప్పలేదు గానీ, కాటమయ్య వేసుండడని నాకొక ఆశ మామా. చీకటిపడే యాళ కదా, నువ్వు పొరపాటు పడినావేమో అనుకుంటాంటి. ఎప్పటికన్నా అది బయటపడితే పులివెందులకు పోయి చెల్లెల్ని చూసుకుందామని. రోజూ నీళ్లకని చెప్పి బస్టాండుకు పోయేది అందుకే. ఈ పొద్దు అదీ పాయ. ఇంక పోన్లే. నీ కాలు మానితే సాలు."

ఆమె కళ్లు తుడుచుకుని గిన్నె కడగడానికి లేచింది. ఓబులయ్య ఊ అంటే అయిపోయేది. ఊ అనకపోయినా అయిపోయేది, ఊరికే పడుకుంటే చాలు. ఆ తాడే అతని తరఫున సాక్ష్యం చెప్పేసింది. పెండ్లాం నమ్మేసింది. ఇంతకంటే సుళువుగా ఏ మనిషీ తప్పించుకోలేడు.

"సూపీ," అన్నాడు.

ఆమె ఆగింది. అతను గోడ వైపు నుంచి ఇటు తిరిగి చెయ్యి చాచాడు. గాజుగుడ్డ అతని అరచేతిలో పెట్టింది. దాన్ని విప్పి చాలాసేపు చూశాడు.

"ఇది నీ చెల్లెలు పేనింది కాదు."

"ఎడంపురి నాకు కనపడ్డంల్యా?"

"ఎడంపురే. నీది. గొర్రెపిల్లల దొడ్లో మేకుకు తగిలించి పెట్టింటివి సూడు, అది. నేనే కోసుకున్యా."

పెంచలమ్మకు మాట అర్థమయింది గానీ లోపలికి దిగలేదు. గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఆ పొద్దు నువ్వు మందతో కొండకు పోయింటివి. పెద్దాయన మనుషులు బాంబు సామాను తెచ్చినారు, మన దొడ్లోనే కట్టినాం. ఆఖర్న పురికొస అయిపాయ. చేతికి నీ తాడు దొరికె. నా చెయ్యి సంగతి నీకు తెలుసు గదా, గొర్రెపిల్లను కట్టినట్లే కట్టినా, వదులుగా. ఎత్తి పక్కన పెట్టబోతే ముడి జారె. కాలు కాడనే పేలె."

అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల మెడకు ఒరుసుకోకుండా రెండు వేళ్ల సందు వదిలి కట్టే అలవాటు ఆ చేతులది. చిన్నప్పటి నుంచీ వేసిన ముడే ఆ సాయంత్రం కూడా వేశాయి.

"మరి కాటమయ్య?"

"వాడు ఆ పొద్దు ఊర్లోనే లేడు. కడప ఆసుపత్రిలో నేను కండ్లు తెరిచేతలికి కాయితం రాసేసినారు. పేరు సదివి, ఔనా అన్యారు. ఊ అన్యా."

కోపం ఆమెకు కాళ్ల నుంచి పైకి లేచింది. గిన్నెను అతని మొహాన కొట్టాలనిపించింది. ఏడేళ్లు ఒక మనిషి జైల్లో కూర్చున్నాడు, ఈ మనిషి ఆ పక్క గోడను చూస్తూ పడుకున్నాడు. ఆ కోపం అడుగున, సిగ్గూ శరమూ లేకుండా, సంతోషం. చెల్లెలి ఇంట్లోంచి ఏ పాపమూ రాలేదు. ఆ రెండింటినీ ఒకేసారి మోయలేక ఆమె మంచం పక్కన నేల మీద కూలబడింది.

"మా అమ్మ శవం కాడికి నా చెల్లెల్ని రానీలేదు మామా. అప్పుడన్నా నోరు తెరవకపోతివే!"

"తెరిస్తే నా కాడ నువ్వుండేదానివా?"

ఉండేదో లేదో ఆమెకూ తెలియదు.

"అప్పీలులో చెప్పు," అంది చివరికి.

"పెద్దాయన బతకనీడు."

"నువ్వు చెప్పకపోతే నేను చెప్తా. తాడు నాది. నా తాడని చెప్పేదానికి నాకెవురి సెలవూ పనిలేదు."

మెషీను గొట్టంలో ఎర్రటి నీరు ఒక చోట ఆగి, మళ్లీ కదిలింది. ఓబులయ్య తల ఎత్తి తన కాలు వైపు చూశాడు. ప్లాస్టిక్ పొర కింద నల్లటి స్పాంజి, దాని చుట్టూ పల్చబడిన చర్మం. మొదటిసారి చూస్తున్నవాడు కాబట్టి తొందరగా కళ్లు తిప్పుకోలేకపోయాడు.

"నువ్వు ముందు పులివెందులకు పో," అన్నాడు. "నేను కాలు మోపుకొని వస్తా."

మీటింగు జీపు వచ్చిన రోజు పెంచలమ్మ సంచి సర్దుకుంటోంది. బాలన్న మంచం దగ్గరికి వచ్చి మెషీనును ఎలా ఎత్తాలో చూస్తున్నాడు. స్టేజీ ఎక్కనని ఓబులయ్య చెప్పాడు. బాలన్న నవ్వి, మళ్లీ అడిగాడు.

"స్టేజీకి రాను బాలన్నా. పిలిస్తే కోర్టుకొస్తా. నిజం చెప్పేదానికి."

బాలన్న నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించి, "ఆలోచించుకోని మాట్లాడు," అన్నాడు. అతను బయటికి పోతూ బత్తాయిల సంచి కోసం మంచం కిందికి చూశాడు గానీ తీసుకోలేదు. మొగుణ్ని వదిలి పోవాలా వద్దా అని పెంచలమ్మ ఒక్క క్షణం ఆగింది. "నేనుండాను గదమ్మా, పోయిరా," అంది యేసమ్మ.

బస్సు జమ్మలమడుగు దాటింది. వాళ్ల ఊరి మలుపు దగ్గర ఎవరో దిగారు. ముద్దనూరులో టీకి ఆగింది. నల్లరేగడి చేలు, నాపరాళ్ల గుట్టలు, మీటింగు జెండాలు కట్టిన లారీలు. కిటికీ పక్కన కూర్చుని ఆమె చెప్పవలసిన మాటలు కూర్చుకుంది, చెరిపేసింది, మళ్లీ కూర్చుకుంది. పులివెందులలో దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

అడుగుతూ పోతే చిన్నసుబ్బమ్మ ఇల్లు గొర్రెల సంత వెనక సందులో దొరికింది. ఇంటి ముందు బండ మీద కూర్చుని ఉన్ని వడుకుతోంది. జుట్టు సగం నెరిసింది. అక్కను చూసింది. కదురు ఆగలేదు.

"ఆయప్ప సచ్చిపాయనా?" అని అడిగింది.

చావు కబురు తప్ప ఇంక దేనికీ అక్క తన గడప తొక్కదని ఆమె లెక్క. పెంచలమ్మకు ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది.

"బతికే ఉండాడు. అందుకే వచ్చినా."

బండ మీద గాజుగుడ్డ విప్పి పెట్టింది. చిన్నసుబ్బమ్మ ముక్కను తీసుకుని రెండు వేళ్ల మధ్య రుద్దింది.

"నీ తాడు," అంది వెంటనే.

"అది ఆయన కాల్లోంచి వచ్చిందే సుబ్బీ. బాంబుకు కట్టింది. నేను నీదనుకున్యా."

"నా పురి బిగువు, నీది మెత్తన. చీములో నానినా నాకు తెలిసె." చిన్నసుబ్బమ్మ అక్క కళ్లలోకి చూసింది. "నీకు తెలవలేదా అక్కా?"

పెంచలమ్మ తల వంచుకుంది. తన చేతి పురి తనకు తెలియకపోవడమా! తెలుసుకోవాలని ముట్టుకుని కూడా చూడలేదు, అంతే. ఆ తర్వాత దాచకుండా అంతా చెప్పింది. దొడ్డి, ముడి, కాయితం, ఊ. లోపలి నుంచి కాటమయ్య వచ్చి గడప మీద నిలబడి విన్నాడు. బాగా చిక్కిపోయాడు.

"కోర్టులో చెప్తానన్యాడు," అంది పెంచలమ్మ.

"చెప్పనీ. నేను పోగొట్టుకున్న ఏండ్లు యాడనుంచి తెచ్చిస్తాడు వదినా?" అని అడిగాడు కాటమయ్య. జవాబు కోసం ఆగలేదు. చెట్టుకు కట్టిన మేకను విప్పుకుని సందులోకి వెళ్లిపోయాడు.

ఇద్దరే మిగిలారు. చిన్నసుబ్బమ్మ వడుకుతూనే ఉంది.

"అమ్మ పోయిన పొద్దు నువ్వు లేసి రాలేదు."

"రాలేదు."

"బస్సు కదిలేదాకా సూస్తిని."

క్షమించమని అడగడానికి పెంచలమ్మకు నోరు రాలేదు. చెల్లెలి చేతుల వైపు చూస్తూ కూర్చుంది. అప్పుడు గమనించింది, కదురు కుడిచేతిలో తిరుగుతోంది.

"కుడిచేత్తో వడుకుతాండావే."

"ఎడంచేత్తో వడికి ఎవురి పోగుతో కలపాల?"

ఎండ బండ మీది నుంచి జారింది. పెంచలమ్మ తాడు ముక్కను చుట్టి కొంగున ముడేసుకుని లేవబోయింది.

"కూచో. బస్సులు శానా ఉండాయి," అంది చిన్నసుబ్బమ్మ, తల ఎత్తకుండానే. ఇంకొంత సేపటికి అడిగింది. "మానతాందా కాలు?"

"తాడు వచ్చేసినాక ఎర్రగా కండ పడతాంది. పైన మూసుకుంటే సాలదంట, అడుగు నుంచి పూడుకొని రావాలంట. శానా నాళ్లు పడతాది."

చిన్నసుబ్బమ్మ కదురు ఆపింది. ఒళ్లోని ఉన్నిలోంచి పిడికెడు తీసి అక్క ముందు బండ మీద పెట్టింది. తర్వాత తన కదురును ఎడంచేతికి మార్చుకుని తిప్పింది. చెయ్యి మరిచిపోయింది. పోగు తెగింది. అతికి మళ్లీ తిప్పింది, మళ్లీ తెగింది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఆమె మళ్లీ పోగు అతుకుతోంది.